దుబాయా, బ్యాంకాకా, నేపాలా? మన జిల్లాల గే జంటలు విదేశయాత్రకి దేశాన్ని ఎంచుకోవడం ఎలా

శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి మొదటిసారి విదేశానికి వెళ్ళాలనుకునే గే జంటలు నన్ను అడిగే ప్రశ్న దాదాపు ఒకటే: "ఆ దేశంలో మనలాంటివాళ్ళని పట్టుకుంటారా?" చాలా దేశాల విషయంలో దీనికి జవాబు "మామూలుగా అయితే పట్టుకోరు" అనే వస్తుంది. మాల్దీవులకీ, దుబాయ్‌కీ, కొలంబోకీ వెళ్ళి, హోటల్లో ఉండి, సముద్రం చూసి క్షేమంగా తిరిగొచ్చిన జంటలు చాలామందే ఉన్నారు. అందుకే ఈ ఒక్క ప్రశ్నతో దేశాన్ని ఎంచుకుందామంటే అన్ని దేశాలూ ఒకేలా కనిపిస్తాయి, ఏజెంటు ఏది చౌకగా ఇస్తే అదే ఖాయమవుతుంది.

నేను అడగమనేది వేరే ప్రశ్న. అక్కడ మీ పర్సు పోయిందనుకోండి, లేదా మీ ఫోటోలు చూపించి ఎవడో డబ్బు ఇమ్మని బెదిరించాడనుకోండి, లేదా అర్ధరాత్రి మీ పార్ట్‌నర్‌కి ఒంట్లో బాగోలేదనుకోండి. అప్పుడు పోలీసు దగ్గరికో ఆసుపత్రికో వెళ్ళి, "మేమిద్దరం ఒకే గదిలో ఉంటున్నాం" అని వణకకుండా చెప్పగలరా? చెప్పగలిగితే అది వెళ్ళదగ్గ దేశం. స్వలింగ సంబంధం నేరమైన చోట మిమ్మల్ని దోచుకున్నవాడికి చట్టమే అండ. మీరు ఫిర్యాదు చెయ్యరని వాడికి తెలుసు. అరెస్టులు అరుదుగా జరిగే దేశంలో కూడా ఈ బెదిరింపు మాత్రం రోజూ సాధ్యమే. నా లెక్కలో దేశాల మధ్య అసలు తేడా ఇదే.

మన జిల్లాలవాళ్ళకి దీనికి తోడు ఇంకో లెక్క ఉంది. ఇచ్ఛాపురం, కవిటి, సోంపేట, కంచిలి, పలాస నుంచి పనికోసం గల్ఫ్‌కీ సింగపూర్‌కీ మలేషియాకీ వెళ్ళినవాళ్ళు ఊరికి ఎందరో ఉన్నారు. హైదరాబాద్ జంటకి దుబాయ్ పరాయి ఊరు. ఉద్దానం కుర్రాడికి దుబాయ్ అంటే పెదనాన్న కొడుకు ఉండే ఊరు. పోలీసు కంటే ముందు మనల్ని చూసేది మనవాళ్ళే. చూసినవాళ్ళు చెడ్డవాళ్ళు కానక్కర్లేదు, వాట్సాప్‌లో "మీవోడు ఇక్కడ కనిపించాడు" అని ఒక్క ముక్క పెడితే చాలు. ఇంట్లో ఇంకా చెప్పుకోనివాళ్ళు చట్టంతో సమానంగా దీన్నీ లెక్కలోకి తీసుకోవాలి.

మన చేతిలో ఉన్న కాగితాలు

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు తీర్పుతో మన దేశంలో ఇద్దరు పెద్దవాళ్ళ ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాకుండా పోయింది. కానీ 2023 అక్టోబరు 17న అదే కోర్టు స్వలింగ వివాహానికి గుర్తింపు ఇవ్వలేమని చెప్పింది. ప్రయాణం విషయంలో దీని అర్థం సూటిగా ఇది: ఏ దేశం వీసా ఫారం నింపినా మీరిద్దరూ ఇద్దరు అవివాహితులు. భార్యాభర్తల కాలమ్ మీది కాదు. ఎవరి దరఖాస్తు వాళ్ళది, ఎవరి బ్యాంకు స్టేట్‌మెంట్ వాళ్ళది. సంబంధం అడిగిన చోట "స్నేహితులం, కలిసి ప్రయాణం చేస్తున్నాం" అని రాస్తే అది అబద్ధం కాదు. అన్న, తమ్ముడు, కజిన్ అని మాత్రం రాయకండి. ఇంటిపేర్లు, తండ్రుల పేర్లు కలవవు. వీసా అధికారికి ఒక అబద్ధం దొరికితే మిగతా కాగితాలన్నీ అనుమానంగానే చూస్తాడు.

పాస్‌పోర్టు ఇంకా లేనివాళ్ళకి ఒక మాట. పోలీసు ఎంక్వయిరీ ఇంటికి వస్తుంది. వీధిలో నలుగురూ "ఎక్కడికి ప్రయాణం?" అని అడుగుతారు. టికెట్టు అనుకున్నాక పరిగెత్తడం కంటే, ఉద్యోగం కోసమనో ముందుజాగ్రత్తకనో చెప్పి ఏడాది ముందే తీసుకుని పెట్టుకోండి. అప్పుడు పాస్‌పోర్టుకీ ప్రయాణానికీ ఎవరూ ముడిపెట్టరు.

దుబాయా, బ్యాంకాకా?

ఖర్చులో రెండూ మధ్యతరగతి జంటకి అందుబాటులో ఉండేవే కాబట్టి ఈ రెంటి మధ్యే ఎక్కువమంది ఊగిసలాడతారు.

దుబాయ్ ఉన్న ఎమిరేట్స్ దేశంలో (యూఏఈ) 2020లో చట్టాలు మార్చి పెళ్ళికాని ఆడా మగా కలిసి ఉండటాన్ని నేరం కాకుండా చేశారు. ఇది విని "ఇంక మనకీ ఫర్వాలేదు" అనుకునేవాళ్ళు ఉన్నారు. ఆ సడలింపు ఇద్దరు మగవాళ్ళకి గానీ ఇద్దరు ఆడవాళ్ళకి గానీ రాలేదు. స్వలింగ సంబంధం అక్కడ ఇప్పటికీ నేరమే. పెద్ద హోటళ్ళలో ఇద్దరు మగవాళ్ళు ఒక గది తీసుకుంటే ఎవరూ కళ్ళెత్తి చూడరు, ఎందుకంటే ఖర్చు కలిసొస్తుందని స్నేహితులు అలా ఉండటం అక్కడ మామూలే. కానీ నేను పైన చెప్పిన పరీక్షలో దుబాయ్ నిలబడదు. గదిలో దొంగతనం జరిగినా ఫిర్యాదు చేసే ముందు పదిసార్లు ఆలోచించాల్సి వస్తుంది. దానికి తోడు కరామాలోనో బుర్ దుబాయ్‌లోనో టిఫిను తినడానికి వెళ్తే పక్క టేబుల్ మీద తెలుగు వినిపిస్తుంది. ఇంటి నుంచి అంత దూరం వెళ్ళి అక్కడ కూడా భుజాలు తగలకుండా నడవాల్సి వస్తే ఆ ప్రయాణానికి డబ్బు ఎందుకు పెట్టాలి?

థాయ్‌లాండ్‌లో 2025 జనవరి 23 నుంచి స్వలింగ వివాహం చట్టబద్ధం. ఆగ్నేయాసియాలో ఆ పని చేసిన మొదటి దేశం అదే. హోటల్ కౌంటర్లో "డబుల్ బెడ్డా, రెండు బెడ్లా?" అని అడిగి, మీరు చెప్పింది రాసుకుని తాళం ఇస్తారు. బ్యాంకాక్‌లో సీలోం వీధి, ఫుకెట్‌లో పటోంగ్, కొంచెం నెమ్మదిగా ఉండాలంటే ఉత్తరాన చియాంగ్ మాయ్. చేతులు పట్టుకుని నడిస్తే ఎవరికీ పట్టదు. అయితే వీధిలో ముద్దులాట ఎవరు చేసినా అక్కడివాళ్ళకి నచ్చదు, గుళ్ళ దగ్గర మరీనూ. వీసా నియమాలు ఈమధ్య తరచుగా మారుతున్నాయి కాబట్టి టికెట్టు తీసే ముందు థాయ్ ఎంబసీ సైటు చూడండి. బయల్దేరే ముందు డిజిటల్ అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపాలి, దానికి డబ్బు కట్టక్కర్లేదు. డబ్బు అడిగే సైటు అసలుది కాదు.

థాయ్‌లాండ్‌తో చిక్కు అక్కడ కాదు, ఇక్కడే. మన వైపు బ్యాంకాక్ అనగానే జనం అదోలా నవ్వుతారు. విశాఖ నుంచి మగవాళ్ళ బ్యాచ్‌లు పట్టాయా వెళ్ళొచ్చి చెప్పిన కబుర్లు అందరికీ తెలుసు. ఇద్దరబ్బాయిలు వెళ్తే ఆ రకం వేళాకోళం తప్పదు, కానీ అసలు సంగతి మీదికి ఎవరి ఆలోచనా పోదు. ఇద్దరమ్మాయిలకి మాత్రం ఇల్లు దాటడమే కష్టం. వాళ్ళకి నేను నేపాల్ చెప్తాను, కారణం కింద రాశాను.

థాయ్‌లాండ్‌లో పెళ్ళి చేసుకోవచ్చా అని చాలామంది అడుగుతున్నారు. విదేశీయులు కూడా కావలసిన పత్రాలు ఇచ్చి అక్కడ నమోదు చేయించుకోవచ్చు. ఆ సర్టిఫికెట్‌కి మన దేశంలో చట్టపరంగా భార్యాభర్తల హోదా రాదు. అది తెలిసి కూడా చేసుకోవాలనిపిస్తే చేసుకోండి. మీ ఇద్దరి మధ్య దాని విలువ ఎవరూ కొలవలేరు. ఇక్కడి బ్యాంకులోనో వీసా ఆఫీసులోనో మాత్రం దాన్ని నమ్ముకోవద్దు.

మాల్దీవులా, మారిషసా?

హనీమూన్ అనగానే మాల్దీవుల ఫోటోలే కళ్ళముందు ఉంటాయి. నీళ్ళ మీద గది, తెల్లని ఇసుక. ఆ కోరికని నేను తక్కువ చెయ్యను, పెళ్ళి ఫోటో ఆల్బమ్ లేని జంటకి ఆ ఫోటో ఎంత ముఖ్యమో నాకు తెలుసు. కానీ అక్కడి శిక్షాస్మృతి ప్రకారం స్వలింగ సంబంధానికి 8 ఏళ్ళ వరకు జైలు ఉంది, కొరడా దెబ్బలు కూడా ఉన్నాయి. రిసార్టు దీవిలో సిబ్బంది చూసీచూడనట్టు ఉంటారు. మామూలు జనం ఉండే దీవుల్లో చౌకగా దొరికే గెస్ట్‌హౌస్‌లకి ఆ వెసులుబాటు లేదు, మన బడ్జెట్ తరచుగా అక్కడికే తీసుకెళ్తుంది. చట్టం రెండు చోట్లా ఒక్కటే. రిసార్టులో ఉన్న భద్రత ఆ రిసార్టు మేనేజరు మంచితనం, అంతకు మించి ఏమీ లేదు.

అదే హిందూ మహాసముద్రంలో మారిషస్ ఉంది. 2023 అక్టోబరు 4న అక్కడి సుప్రీంకోర్టు స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసే 250వ సెక్షన్‌ని పెద్దవాళ్ళ ఇష్టపూర్వక సంబంధాల విషయంలో కొట్టేసింది. ఆ సెక్షన్ మారిషస్ ప్రజల విలువల్లోంచి పుట్టింది కాదు, వలస పాలన నుంచి వచ్చి పడిందని కోర్టు చెప్పింది. మన దేశంలో స్వలింగ సంబంధాన్ని నేరంగా చూసిన 377వ సెక్షన్ కథ కూడా అదే కదా. పెళ్ళికి గుర్తింపు లేదు, పల్లెల్లో జనం సంప్రదాయంగానే ఉంటారు, కానీ కష్టం వస్తే పోలీసుకి ఫోన్ చెయ్యొచ్చు.

మనవాళ్ళకి మారిషస్ అంటే ఇంకో ఆకర్షణ ఉంది. 19వ శతాబ్దంలో చెరకు తోటల కూలికి మన తీరం నుంచి వెళ్ళినవాళ్ళ సంతతి అక్కడ ఉంది. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్ళని కోరంగివాళ్ళని పిలిచేవారు. ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవుదినం. తెలుగు గుళ్ళు, తెలుగు ఇంటిపేర్లు కనిపిస్తాయి, కానీ వాళ్ళెవరూ మీ మేనమామకి ఫోన్ చెయ్యరు. సొంతవాళ్ళ మధ్య ఉన్నట్టూ ఉంటుంది, దొరికిపోతామన్న టెన్షనూ ఉండదు. ఇలాంటి చోటు నాకు ఇంకొకటి తెలియదు. మాల్దీవుల కంటే విమానం దూరం, టికెట్టు ధర కూడా ఎక్కువే పడొచ్చు. ఒక ఏడాది ఆగి డబ్బు కూడబెట్టి అయినా మారిషస్ వెళ్ళమనే చెప్తాను.

మలేషియా, సింగపూర్

చాలా ప్యాకేజీల్లో ఈ రెండూ కలిపి అమ్ముతారు. చట్టం దృష్టిలో ఇప్పుడు రెండింటికీ పోలికే లేదు. ఇద్దరికీ బ్రిటిష్‌వాళ్ళు ఇచ్చిన 377 వారసత్వం ఉండేది. సింగపూర్ పార్లమెంటు 2022 నవంబరులో 377ఏ రద్దుకి ఓటు వేసింది, 2023 జనవరి నుంచి అది లేదు. మలేషియాలో మాత్రం 20 ఏళ్ళ వరకు జైలు, కొరడా దెబ్బలు ఉన్నాయి. ముస్లింలకి దానిపైన షరియా చట్టాలు వేరే. 2023లో ఇంద్రధనుస్సు రంగుల స్వాచ్ గడియారాలని దుకాణాల్లోంచి పట్టుకెళ్ళి, తర్వాత అలాంటివి పెట్టుకున్నవాళ్ళకి కూడా జైలు ఉంటుందని ప్రభుత్వం హెచ్చరించింది. బత్తు గుహల్లో మురుగన్ దర్శనం కోసం వెళ్ళాలని ఉంటే, సింగపూర్‌లో బస పెట్టుకుని మలేషియాని రెండు రోజులతో ముగించండి, రంగుల బ్యాండ్లు, బ్యాడ్జీలు ఇంట్లోనే వదిలేయండి.

సింగపూర్‌కి విశాఖ నుంచి నేరుగా విమానం ఉండటం పెద్ద సౌకర్యం. వీసా తప్పనిసరి, ఊరు ఖరీదు. ఆదివారం లిటిల్ ఇండియాలో మన జిల్లాల కుర్రాళ్ళు తప్పకుండా ఉంటారు, అది గుర్తుంచుకోండి. మనలాంటివాళ్ళ హక్కుల కోసం అక్కడ ఏటా జరిగే పింక్ డాట్ సభకి వెళ్ళాలని కొందరికి ఉంటుంది. అది సింగపూర్ పౌరులకీ, శాశ్వత నివాసులకీ మాత్రమే. విదేశీయులు పాల్గొంటే చట్టం ఉల్లంఘించినట్టే.

శ్రీలంక వద్దు, నేపాల్ వెళ్ళండి

శ్రీలంకలో 365, 365ఏ సెక్షన్లు ఇంకా ఉన్నాయి, 10 ఏళ్ళ వరకు జైలు. 1995 సవరణతో ఆడవాళ్ళు కూడా దాని కిందికి వచ్చారు. రద్దు బిల్లు రాజ్యాంగానికి విరుద్ధం కాదని 2023 మేలో అక్కడి సుప్రీంకోర్టు చెప్పింది, కానీ చట్టం మారలేదు. శిక్షలు పడటం చాలా అరుదు. కొలంబోలో ధైర్యంగా పనిచేసే మనుషులున్నారు. అది మారిన రోజు నేనే ముందు టికెట్టు కొంటాను. అప్పటిదాకా పక్కనే నేపాల్ ఉంది కదా.

నేపాల్ సుప్రీంకోర్టు 2007లోనే లైంగిక మైనారిటీలకి సమాన హక్కులివ్వాలని తీర్పిచ్చింది. 2023 జూన్‌లో స్వలింగ జంటల పెళ్ళిళ్ళని తాత్కాలికంగా నమోదు చెయ్యమని ఉత్తర్వు ఇచ్చింది, ఆ నవంబరులో లమ్‌జుంగ్ జిల్లాలో మొదటి పెళ్ళి నమోదయింది. గాయీ జాత్ర పండుగ రోజున కాఠ్మాండూలో మనలాంటివాళ్ళ ఊరేగింపు జరుగుతుంది. జనమంతా మారిపోయారని కాదు. పల్లెల్లో చూపులు మనూళ్ళలాగే ఉంటాయి. కానీ చట్టం మీ వెనకాల ఉంటుంది.

మన జిల్లాల జంటకి నేపాల్ సులువు కావడానికి కారణాలు ఇంకా ఉన్నాయి. వీసా లేదు. ఓటరు కార్డుతో వెళ్ళొచ్చు కాబట్టి పాస్‌పోర్టు గొడవే లేదు. హౌరా వెళ్ళి అక్కడి నుంచి రక్సౌల్ రైలెక్కితే సరిహద్దు. అన్నింటికంటే ముఖ్యం, ఇంట్లో చెప్పడానికి పశుపతినాథుడు ఉన్నాడు, ముక్తినాథ్ ఉంది. "ఏటిరా, మీ ఇద్దరే ఎల్తన్నారా, ఇంకెవులూ రారా?" అని అడిగే అమ్మ కూడా ముక్తినాథ్ అంటే ప్రసాదం తెమ్మంటుంది. ఇద్దరమ్మాయిలు వెళ్ళడానికి ఇంత మర్యాదైన దారి మరే దేశానికీ లేదు. అది అబద్ధం ఆడినట్టు అనుకోనక్కర్లేదు. ముక్తినాథ్ వెళ్ళండి, దర్శనం చేసుకోండి, తర్వాత పొఖరా సరస్సు దగ్గర నాలుగు రోజులు మీ ఇద్దరికోసం ఉంచుకోండి.

భూటాన్ కూడా ఓటరు కార్డుతో వెళ్ళగలిగే దేశమే. 2021లో స్వలింగ సంబంధాన్ని నేరాల జాబితాలోంచి తీసేసింది. విజయనగరంలో దిబ్రూగఢ్ వివేక్ ఎక్స్‌ప్రెస్ ఎక్కి న్యూ జల్‌పాయిగురిలో దిగితే అక్కడి నుంచి రోడ్డు మీద ఫుంత్‌షోలింగ్. మనిషికి రాత్రికి 1,200 రూపాయల రుసుము కట్టాలి, గైడు, హోటలు కలిపితే నేపాల్ కంటే బాగా ఎక్కువవుతుంది. నిశ్శబ్దం కావాలనుకునే జంటకి ఆ ఖర్చు తగినదే.

వియత్నాం, బాలి

వియత్నాంలో స్వలింగ సంబంధం నేరం కాదు, పెళ్ళికి గుర్తింపు లేదు. ఈ-వీసా ఆన్‌లైన్‌లోనే వస్తుంది. దా నాంగ్, హోయీ ఆన్ చాలా బాగుంటాయి, తెలుగువాళ్ళు తక్కువ. థాయ్‌లాండ్ పేరు చెప్పలేనివాళ్ళు ఇక్కడికి వెళ్ళొచ్చు.

బాలి విషయంలో ఇప్పుడు జాగ్రత్తగా ఉండాలి. బాలి మనుషులు ఆదరంగానే ఉంటారు. కానీ ఇండోనేషియా 2022 డిసెంబరులో ఆమోదించిన కొత్త శిక్షాస్మృతి 2026 జనవరి 2 నుంచి అమల్లోకి వచ్చింది. పెళ్ళి బయటి శారీరక సంబంధం అందులో నేరం, అయితే భర్త లేదా భార్య, తల్లిదండ్రులు, పిల్లలు ఫిర్యాదు చేస్తేనే కేసు. పర్యాటకులకి ఇది రావడం కష్టమే. ఇంట్లోవాళ్ళతో గొడవపడి, బెదిరింపుల మధ్య బయల్దేరిన జంట మాత్రం బాలిని పక్కన పెట్టడం మేలు. అచే ప్రాంతానికి ఎవరూ వెళ్ళొద్దు, అక్కడ బహిరంగంగా బెత్తం దెబ్బలు కొడతారు.

తప్పనిసరిగా వెళ్ళాల్సి వస్తే

అక్క దుబాయ్‌లో ఉంది, కంపెనీ దోహా పంపింది. అప్పుడు ఎంపిక మన చేతిలో ఉండదు. రెండు బెడ్ల గది బుక్ చెయ్యండి. పేర్లు ఇద్దరివీ బుకింగ్‌లో ఉండాలి, తర్వాత రెండో మనిషిని చేర్చితే ప్రశ్నలు వస్తాయి. ఫోన్‌లో డేటింగ్ యాప్‌లు, ఇద్దరి అంతరంగిక ఫోటోలు బయల్దేరే ముందే తీసేయండి, గ్యాలరీలోంచి తీస్తే సరిపోదు, బ్యాకప్ కూడా చూసుకోండి. అక్కడికి వెళ్ళాక కొత్తవాళ్ళని యాప్‌లో కలవడం అస్సలు వద్దు. ఈజిప్టులో పోలీసులే యాప్‌లలో ముసుగేసుకుని వల వేస్తారని మానవహక్కుల సంస్థలు ఎన్నోసార్లు బయటపెట్టాయి. ఉగాండా, రష్యాలకి మాత్రం పని ఉన్నా జంటగా వెళ్ళొద్దని నా గట్టి మాట. ఉగాండాలో 2023 చట్టం కొన్ని సందర్భాల్లో మరణశిక్ష దాకా పోతుంది, రష్యా సుప్రీంకోర్టు అదే ఏడాది మనలాంటివాళ్ళ హక్కుల ఉద్యమాన్నే తీవ్రవాదమని ప్రకటించింది.

యూరప్‌కి దుబాయ్, దోహా మీదుగా విమానం మారడం వేరే సంగతి, దానికి భయపడక్కర్లేదు. విమానాశ్రయం దాటి బయటి హోటల్లో రాత్రి ఉండాల్సిన టికెట్టు మాత్రం తీసుకోకండి. మీలో ఒకరు ట్రాన్స్ అయి, పాస్‌పోర్టులో ఉన్న జెండర్‌కీ ఇప్పటి రూపానికీ తేడా ఉంటే గల్ఫ్ దారే వద్దు, సింగపూర్ మీదుగానో నేరుగానో వెళ్ళే టికెట్టు కొంచెం ఎక్కువైనా తీసుకోండి.

టికెట్లు ఎక్కడ కొనాలనేది కూడా ఎంపికలో భాగమే. విజయనగరం మూడు లాంతర్ల దగ్గరో శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనో తెలిసిన ఏజెంటు ఉంటే సౌకర్యమే, కానీ ఆ కొట్లో కూర్చునే నలుగురికీ మీ గది వివరాలు తెలుస్తాయి. ఆన్‌లైన్‌లో సొంతంగా చేసుకోండి, లేదా విశాఖలో ముక్కూ మొహం తెలియని ఆఫీసుకి వెళ్ళండి.

ఇక ఏ దేశమైనా సరే తీసుకెళ్ళాల్సిన కాగితం ఒకటుంది. "నాకు అత్యవసరమైతే నా తరఫున ఫలానావారితో మాట్లాడండి, నిర్ణయానికి వారికి అధికారం ఇస్తున్నాను" అని ఇద్దరూ ఒకరికొకరు ఇంగ్లీషులో రాసి, నోటరీ చేయించి, పాస్‌పోర్టుతోపాటు ఉంచుకోండి. నేరంగా చూసే దేశంలో దాన్ని స్నేహితుడి పేరుతోనే రాయండి, సంబంధం ప్రస్తావించొద్దు. ప్రయాణ బీమాలో పార్ట్‌నర్‌ని నామినీగా ఒప్పుకుంటారా అని ముందే అడిగి, ఒప్పుకున్న పాలసీయే తీసుకోండి. స్వలింగ జంటలు బ్యాంకులో ఉమ్మడి ఖాతా తెరవడానికీ, ఒకరినొకరు నామినీగా పెట్టుకోవడానికీ అడ్డు లేదని 2024 ఆగస్టులో కేంద్ర ఆర్థిక శాఖ స్పష్టం చేసింది. ప్రయాణం డబ్బు ఆ ఉమ్మడి ఖాతాలో ఉంటే ఒకరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు రెండోవారు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. మందులు వాడుతుంటే అసలు డబ్బాలోనే, డాక్టరు చీటీతో పెట్టుకోండి. భారత ఎంబసీ నంబరు ఇద్దరి ఫోన్లలోనూ, ఒక చిన్న కాగితం మీదా ఉండాలి. ఎంబసీ అక్కడి చట్టం నుంచి మిమ్మల్ని తప్పించలేదు, కానీ లాయర్ల వివరాలు ఇస్తుంది, మీరు చెప్పిన మనిషికి కబురు చేరుస్తుంది. ఆ కబురు ఎవరికి చేరాలో, ఇంటికా స్నేహితుడికా అన్నది బయల్దేరే ముందే ఇద్దరూ మాట్లాడుకుని, ఆ పేరూ నంబరూ అదే కాగితం మీద రాసుకోండి.